అన్నదమ్ముల నేర కథ: ప్రేమ చావకుండా వైరం రాయడం ఎలా?

నేర కుటుంబం మీద కథో నవలో రాస్తున్నవాళ్ళు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే. "తమ్ముడు అన్నకు ఎదురు తిరిగే చోటుకు వచ్చేసరికి కథ చప్పబడిపోతోంది. చదివినవాళ్ళు నమ్మడం లేదు. ఏం చేయాలి?" రాతప్రతి చూస్తే లోపం దాదాపు ఎప్పుడూ ఆ సన్నివేశంలో ఉండదు, వంద పేజీల ముందే ఉంటుంది. గొడవ మొదలైన రోజు నుంచి ఆ ఇద్దరూ అన్నదమ్ములు కావడం మానేసి ఉంటారు. పగవాళ్ళు ఇద్దరు కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. పగవాళ్ళు కొట్టుకోవడంలో వింతేముంది?

అన్న మీద కోపం ఎక్కడినుంచి పుట్టిందో, అన్నను వదల్లేకపోవడం కూడా అక్కడినుంచే పుట్టాలి. ఈ కథల గురించి నేను నేర్చుకున్నది ఇంతే. కింద చెప్పే పనంతా ఆ ఒక్క చోటును వెతికి పట్టుకోవడానికే.

కావలసినవి

ఒక నోటు పుస్తకం. మొదటి అధ్యాయం మొదలుపెట్టకుండా ఒక వారం ఆగగలిగే ఓపిక. అన్నదమ్ముల వయసులు, సుమారుగా కాదు, ఏళ్ళతో సహా. రెండేళ్ళ తేడా ఉంటే ఒకే బల్ల మీద కూర్చుని పోటీ పడినవాళ్ళు. పన్నెండేళ్ళ తేడా ఉంటే పెద్దవాడు సగం తండ్రి. ఈ రెండు కథలూ ఒకటి కావు.

ఎంతమంది? కథకు ఇద్దరు చాలు. నవలకు ముగ్గురు బాగా కుదురుతారు. ముగ్గురున్న చోట ఎప్పుడూ ఇద్దరు ఒకవైపు, ఒకడు ఒంటరి. ఆ జతలు మారుతూ ఉంటే కథ దానంతట అదే కదులుతుంది. నలుగురిని పెట్టాలనుకుంటే ఒకడిని కథ మొదలయ్యేసరికే చనిపోయినవాడిగానో జైల్లో ఉన్నవాడిగానో ఉంచండి. లేకపోతే నాలుగోవాడికి పని దొరకదు.

తుపాకుల రకాలు, పోలీసు సెక్షన్లు ఇప్పుడే వెతక్కండి. ఆ వెతుకులాటలో నెలలు గడిచిపోతాయి, మనుషులు మాత్రం కాగితం మీదికి రారు.

1. ఇంట్లోకి డబ్బు ఎలా వస్తుందో ఒక పేజీ రాయండి

దొంగ సరుకా, వడ్డీ వ్యాపారమా, బెదిరించి వసూలు చేయడమా, ఏదో ఒకటి తేల్చుకోండి. తర్వాత ముఖ్యమైన ప్రశ్న: ఇంట్లో ఎవరు ఏం చేస్తారు? లెక్క రాసేది ఎవరు, అధికారులతో మాట్లాడేది ఎవరు, చేయి చేసుకునేది ఎవరు? చెయ్యి రక్తం చేసుకునేవాడికీ లెక్క రాసేవాడికీ మధ్య ఒక చిన్నచూపు ఉంటుంది. అది రెండువైపులా ఉంటుంది. దాన్ని ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

హెచ్చరిక: నేరం ఎలా చేస్తారో పాఠంలా చెప్పాల్సిన అవసరం కథకు లేదు. సరుకు ఎలా దాటిందన్నది పాఠకుడికి గుర్తుండదు. దాటిన రాత్రి తమ్ముడు అన్నకు ఫోను చేయలేదన్నది గుర్తుంటుంది.

ఇంకో మాట. ఈ కుటుంబం వల్ల నష్టపోయిన బయటి మనిషి కనీసం ఒకరికి పేరు, ఇల్లు, ముఖం ఇవ్వండి. అన్నదమ్ముల అనురాగాన్ని ఎంత గొప్పగా రాసినా, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో కనిపించకపోతే ఆ రాత అబద్ధం.

2. ఋణాల పట్టీ వేయండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. పేజీని నాలుగు గడులు చేయండి. ఎవరు, ఎవరికోసం, ఏం చేశారు. నాలుగో గడిలో: అవతలివాడికి ఆ సంగతి తెలుసా?

ఒక ఉదాహరణ నడిపి చూద్దాం. పెద్దవాడికి 24, చిన్నవాడికి 17. చిన్నవాడు నడిపిన బండి కింద పడి ఒక మనిషి పోయాడు. "నేనే నడిపాను" అని పెద్దవాడు ఒప్పుకుని 6 ఏళ్ళు లోపల ఉన్నాడు. ఆ 6 ఏళ్ళూ చిన్నవాడు వ్యాపారాన్ని మోశాడు, అన్న భార్యాబిడ్డలకు ఏ లోటూ రానివ్వలేదు, అన్న శత్రువులతో తాను తలపడ్డాడు. అన్న బయటికి వచ్చాడు. ఇప్పుడు ఎవరు ఎవరికి బాకీ?

అన్న లెక్కలో తమ్ముడు 6 ఏళ్ళ బతుకు బాకీ. తమ్ముడి లెక్కలో ఆ 6 ఏళ్ళూ అన్న ఇల్లు నిలబడింది తన భుజాల మీద. రెండు లెక్కలూ నిజమే. ఇద్దరిలో ఎవరూ దీన్ని నోటితో అనరు. అన్న ఒక్కసారి కూడా ఎత్తిచూపడు, ఆ ఎత్తిచూపకపోవడమే తమ్ముడికి భారం. అన్నం పెట్టినవాడు గుర్తుచేస్తే కోపం తెచ్చుకోవచ్చు. గుర్తుచేయనివాడి మీద కోపం తెచ్చుకోవడం ఎలా?

ఇక నాలుగో గడి. నేరం నెత్తిన వేసుకోవాలన్నది అన్న నిర్ణయం కాదు, తండ్రి ఆజ్ఞ అనుకుందాం. అన్న ఆ రాత్రి ఏడ్చి, కాళ్ళావేళ్ళా పడి, చివరికి ఒప్పుకున్నాడు. తమ్ముడికి ఇది తెలియదు. తన కోసం అన్న ఇష్టంగా వెళ్ళాడనే నమ్మకం మీద వాడు తన బతుకంతా కట్టుకున్నాడు. ఈ నిజం ఎప్పుడు, ఎవరి నోటినుంచి బయటపడుతుందో తేల్చుకుంటే మీ నవలకు నడుము దొరికినట్టే.

హెచ్చరిక: పట్టీలో డబ్బు అప్పులు రాయకండి. తీర్చగలిగే అప్పు తీరిపోతుంది. తీర్చడానికి వీల్లేనివే కథకు కావాలి: కాలం, పరువు, వదులుకున్న చదువు, పెళ్ళి కాకుండా పోయిన సంబంధం.

సరిచూడండి: కనీసం ఆరు వరుసలు ఉన్నాయా? రెండు దిక్కులా ఉన్నాయా? అన్నీ ఒకడే చేసినట్టుంటే మీరు ఒక దేవుణ్ణీ ఒక కృతఘ్నుణ్ణీ తయారుచేశారు. పట్టీ మళ్ళీ వేయండి.

3. పంచడానికి వీల్లేనిదాన్ని మధ్యలో పెట్టండి

దాయం అంటే వాటా. వాటా ఉన్నవాడు దాయాది. పాలు అంటే భాగం, ఆ భాగం ఉన్నవాడు పాలివాడు. రెండు మాటలూ మన నోట్లో పగవాడికి దగ్గరగా వెళ్ళిపోయాయి. ఎవరితో పంచుకోవాలో వాడితోనే పోరు అన్న సంగతి భాష ఎప్పుడో కనిపెట్టింది.

అయితే కథలో వాటాలు వేసి తెంచుకోగలిగిన ఆస్తిని పెడితే పంచాయతీ అవుతుంది తప్ప విషాదం కాదు. రెండు ముక్కలు చేయలేనిది పెట్టండి. తండ్రి కుర్చీ ఒకటి. చివరి మాట ఎవరిది అన్నది ఒకటి. నాకు అన్నిటికంటే బలంగా అనిపించేది ఇంకొకటి: ఒక మనిషి బతకాలా వద్దా అన్న నిర్ణయం. దానికి మధ్యేమార్గం లేదు. అన్న వద్దంటాడు, తమ్ముడు కావాలంటాడు, రేపు తెల్లవారేసరికి ఏదో ఒకటే జరిగి ఉంటుంది.

4. ఒకే ప్రశ్న వేసి, ఒక్కొక్కరితో వేరే జవాబు చెప్పించండి

ప్రశ్న ఇది: అన్న తప్పు చేస్తున్నాడు, నువ్వేం చేస్తావు?

మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన జవాబులు రెండున్నాయి. రావణుడు చేసింది తప్పని విభీషణుడూ అన్నాడు, కుంభకర్ణుడూ అన్నాడు. ఒకడు మంచి చెప్పి, అవమానపడి, అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఇంకొకడు సభలో అన్నను తప్పుపట్టి, ఆ అన్న కోసమే యుద్ధానికి వెళ్ళి చచ్చిపోయాడు. ఇద్దరి తీర్పూ ఒకటే, దారులు వేరు. మీ అన్నదమ్ముల మధ్య తేడాను తెలివిలోనో మంచితనంలోనో పెట్టకండి. ఇక్కడ పెట్టండి.

జరిగిన సంగతుల్లోనూ ఈ జవాబులు దొరుకుతాయి. బోస్టన్‌లో విలియం బల్జర్ 1978 నుంచి 1996 వరకు మసాచుసెట్స్ సెనేట్ అధ్యక్షుడు. అతని అన్న జేమ్స్ బల్జర్ అదే ఊళ్ళో నేరముఠా నాయకుడు. అన్న పారిపోయాడు, 2011లో గాని దొరకలేదు. ఆ పరారీ కాలంలో ఒకసారి అన్నతో ఫోన్లో మాట్లాడానని తమ్ముడు ఒప్పుకున్నాడు, కానీ అతన్ని పట్టించడం తన బాధ్యత అనుకోలేదు. సెనేట్ తర్వాత చేపట్టిన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవిని 2003లో వదులుకోవాల్సి వచ్చింది. చట్టం వైపు బతికినవాడి విశ్వాసం కూడా ఇంత ఖరీదైనది.

లండన్‌లో నేరముఠా నడిపిన క్రే కవలలు రోనీ, రెజీ హత్య నేరాల మీద 1969లో యావజ్జీవ శిక్షకు వెళ్ళారు. వాళ్ళ పెద్దన్న చార్లీ ఎవర్నీ చంపలేదు. తమ్ముడు చేసిన హత్యలో శవాన్ని మాయం చేయడానికి సాయపడ్డాడని 10 ఏళ్ళ శిక్ష పడింది. నవల రాసేవాళ్ళందరూ కవలల వైపే చూస్తారు. నేనైతే చార్లీ వైపు చూడమంటాను. ముఠా మధ్యలో లేడు, బయటా లేడు. అలాంటివాడి కళ్ళలోంచి కథ చెబితే సగం పని అయిపోతుంది.

మూడో జవాబు ఇటలీ దీవి సిసిలీలోని చినీసీ ఊరిది. పెప్పినో ఇంపస్తాతో మాఫియా కుటుంబంలో పుట్టి, రేడియోలో మాఫియానే ఎండగట్టాడు. 1978 మే 9న అతన్ని చంపేశారు. తమ్ముడు జొవాన్ని, తల్లి ఫెలీచియా పగ తీర్చుకోలేదు. మాఫియా బంధువులతో బహిరంగంగా తెంచుకుని న్యాయస్థానం తలుపు తట్టారు. చంపించిన మాఫియా నాయకుడు గయెతానో బదలమెంతికి 2002లో శిక్ష పడింది. హత్య జరిగిన 24 ఏళ్ళకు. చచ్చిపోయిన అన్నకు కట్టుబడి ఉండటం అంటే ఇలా కూడా ఉంటుంది. ఇంట్లో మిగిలిన బంధువులందరి దృష్టిలో మాత్రం అది ద్రోహమే.

5. పిలుపుల జాబితా రాయండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళు ఎక్కువ. తెలుగులో రాసేవాళ్ళకు ఇంత పదునైన పనిముట్టు ఇంకొకటి లేదు.

మనకు అన్న ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు. పెద్దా చిన్నా లేని ఒక మాట రోజువారీ మాటల్లో లేదు. అంటే నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరు పైన, ఎవరు కింద అన్నది పలుకుతూనే ఉంటుంది. చిన్నవాడు కుర్చీలో కూర్చున్న తర్వాత కూడా పెద్దవాడు "ఏరా" అంటాడా? నలుగురి ముందు అంటాడా, ఇంట్లో మాత్రమేనా? తమ్ముడు "అన్నా" అనడం ఆపి ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం ఎప్పుడు మొదలుపెట్టాడు? ప్రతి మనిషికీ మూడు కాలాల్లో పిలుపులు రాసుకోండి: మొదట్లో, మధ్యలో, తెగే రోజున. అన్న గురించి వేరేవాళ్ళ దగ్గర "ఆయన" అనేవాడు "అతను" అన్న రోజు అధ్యాయం ముగించడానికి సరిపోతుంది.

ఇంకా సూక్ష్మమైనది: మనం, మేము. వినేవాడిని కలుపుకుంటే మనం. వదిలేస్తే మేము. చూడండి.

"అన్నా, మన సరుకు రేపు దిగుతుంది."

నలభై పేజీల తర్వాత:

"సరుకు రేపు దిగుతుంది. మావాళ్ళు చూసుకుంటారు."

"ఎవరివాళ్ళు?"

చిన్నవాడు జవాబు చెప్పలేదు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

చూశారు కదా, గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. విడిపోవడం ఒక అక్షరంలో జరిగిపోయింది. అందుకే ఈ మార్పులను అలవోకగా వాడకండి. ఒక పుస్తకంలో రెండు మూడు చోట్ల చాలు. ముందు పేజీల్లో "మన" అన్న మాటను పాఠకుడి చెవికి బాగా అలవాటు చేసి ఉంటేనే "మా" గుచ్చుకుంటుంది.

6. పగుళ్ళను వరుసలో పెట్టండి

ద్రోహం ఒక్కరోజులో జరగదు. నేను ఈ వరుస వాడతాను. ముందు ఒక విషయం దాచడం, అదీ అన్న బాధపడకూడదనే. తర్వాత ఆ దాచినదాన్ని కాపాడటానికి ఒక అబద్ధం. ఆ తర్వాత అన్న మనిషికి తమ్ముడు నేరుగా ఆజ్ఞ ఇవ్వడం. చివరికి నలుగురి ఎదుట ఒకరి మాట ఒకరు కాదనడం. మొదటి రెండూ ప్రేమతోనే జరగాలి. మూడోది పని తొందరలో జరగాలి. నాలుగోది జరిగేసరికి వెనక్కి తిరిగే దారి మూసుకుపోయి ఉండాలి.

ప్రతి పగులు తర్వాత ఒక దగ్గరితనం సన్నివేశం వేయండి. అబద్ధం చెప్పిన రాత్రే అన్నకు జ్వరం వస్తే తమ్ముడు తెల్లవార్లూ పక్కన కూర్చోవాలి. వాడు నటించడం లేదు. పాఠకుడికి ఆ రెండూ ఒకేసారి కనిపించాలి.

ఇంట్లోని ఆడవాళ్ళను ఇక్కడ మరిచిపోకండి. తల్లి, వదిన, చెల్లెలు కబుర్లు మోయడానికి మాత్రమే ఉంటే పట్టీలో వాళ్ళ పేరు లేదన్నమాట. వాళ్ళకూ వరుసలు రాయండి. ఎవడు ఏం దాస్తున్నాడో ముందు పసిగట్టేది సాధారణంగా వాళ్ళే. తెలిసీ మాట్లాడకపోవడం కూడా ఒక పక్షం తీసుకోవడమే.

7. తెగే సన్నివేశాన్ని రెండుసార్లు రాయండి

ఒకసారి అన్న వైపు నుంచి, ఒకసారి తమ్ముడి వైపు నుంచి. అచ్చులోకి ఒకటే వెళ్ళినా రెండూ రాయాలి. ఎదురుతిరిగేవాడు తాను ద్రోహం చేస్తున్నానని అనుకోడు, అసలు కట్టుబాటు తప్పింది అవతలివాళ్ళే అనుకుంటాడు. సిసిలీ మాఫియా మనిషి తొమ్మాజో బుషెత్తా 1984లో న్యాయమూర్తి ఫాల్కోనె ముందు నోరు విప్పి, వందలమంది మాఫియావాళ్ళ మీద 1986లో పలెర్మోలో మొదలైన మహా విచారణకు ప్రధాన సాక్షి అయ్యాడు. మాఫియా యుద్ధంలో ఇద్దరు కొడుకులనూ ఒక సోదరుణ్ణీ పోగొట్టుకున్నవాడు. పాత నియమాలను తుంగలో తొక్కింది ఆ యుద్ధంలో అవతలి పక్షమైన కొర్లియోనె వర్గమే, తాను కాదు అన్నది అతని వాదన. మీ తమ్ముడికి అలాంటి వాదన ఒకటి ఉండాలి. అది చదివి మీకే ఒక నిమిషం "నిజమే కదా" అనిపించాలి.

చంపుకోవడం ఒక్కటే ముగింపు కాదు. అన్న ప్రాణం కాపాడటానికి తమ్ముడే అతన్ని పోలీసులకు పట్టించవచ్చు. తమ్ముడు చేయబోయేది తెలిసి కూడా అన్న ఆ చోటికి వెళ్ళవచ్చు. లేదా ఇద్దరూ వెనక్కి తగ్గి, ఆ తగ్గడం వల్ల మూడోవాడు చనిపోవచ్చు. చివరిది నాకు బాగా ఇష్టం, రాయడం కష్టం.

హెచ్చరిక: ఈ సన్నివేశంలో పాత సంగతులు ఏకరువు పెట్టే ఉపన్యాసం వద్దు. "నీకోసం నేను జైలుకెళ్ళాను" అని అన్న నోటితో అన్నాడంటే రెండో మెట్టులో చేసినదంతా వృథా.

8. తర్వాతి రోజు రాయండి

చాలా రాతప్రతులు ఇక్కడికి రాకుండానే ఆగిపోతాయి. తల్లికి ఎవరు చెబుతారు? అన్న పిల్లలు బాబాయి ఎదుటికి వస్తే ఏం జరుగుతుంది? రావణుడు పడిపోయాక విభీషణుడు ఏడ్చాడు. అంత్యక్రియలు చేయడానికి వెనకాడాడు. వైరం చావుతో ముగిసిందని రాముడు చెప్పాక చేశాడు. గెలిచినవాడి చేతికే ఆ పని రావడంలో ఎంత బరువుందో చూడండి. మీ కథలో అలాంటి పని ఏది? శవాన్ని గుర్తుపట్టడమా, అన్న గది తాళం తీయడమా, ఆ లెక్కల పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పడమా? ఒకటి ఎంచుకుని నిదానంగా రాయండి.

తరచూ జరిగే తప్పులు

ఒకడు కోపిష్టి, ఒకడు చల్లనివాడు అని రంగులు వేసేయడం మొదటిది. మీ చల్లనివాడు కథలో ఒక్కసారైనా అందరికంటే క్రూరమైన పని చేయాలి, మీ కోపిష్టి ఒక్కసారైనా ఓర్చుకోవాలి.

గొడవను ఒక స్త్రీ మీదికి నెట్టేయడం రెండోది. ఇద్దరూ ఒకే అమ్మాయిని కోరుకున్నారంటే వాళ్ళు అన్నదమ్ములు కానక్కర్లేదు, ఎవరైనా సరిపోతారు.

బయటి శత్రువు కుట్ర చేసి విడదీశాడని తేల్చడం ఇంకొకటి. నేను మొదట రాసిన నవలలో ఇదే చేశాను. ఇద్దరూ మంచివాళ్ళే, ఎవడో దొంగ ఉత్తరం పుట్టించాడు. నిజం తెలియగానే అన్నదమ్ములు కలిసిపోయారు, నవల అక్కడే చచ్చిపోయింది. శత్రువు ఉండొచ్చు, కానీ అతను ఇంట్లో ముందే ఉన్న పగులులో వేలు పెట్టాలి, కొత్తది చేయకూడదు.

సరిచూసుకోవడం

రాత పూర్తయ్యాక ఒక వారం పక్కన పెట్టి ఈ పరీక్షలు చేయండి.

సంభాషణల్లో పేర్లు మూసేసి చదవండి. పిలుపులను బట్టి, మౌనాలను బట్టి ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి.

అన్నదమ్ములను ఇద్దరు స్నేహితులుగా మార్చి కథను పది వాక్యాల్లో చెప్పి చూడండి. ఏమీ చెడకపోతే అది అన్నదమ్ముల కథ కాదు. స్నేహితుణ్ణి వదిలేసి వెళ్ళిపోవచ్చు. తమ్ముడు వెళ్ళిపోయినా తమ్ముడే. ఆ తేడా మీద ఆధారపడే మలుపు కనీసం ఒకటి ఉండాలి.

ఇద్దరికి చదవడానికి ఇచ్చి, న్యాయం ఎవరివైపు ఉందని అడగండి. ఇద్దరూ ఆలోచించకుండా ఒకే పేరు చెబితే పట్టీ ఒకవైపు ఒరిగిందన్నమాట. వాళ్ళు వాదించుకుంటే పని అయినట్టే, మీరు మధ్యలో దూరకండి.

చివరిగా, తెగే సన్నివేశానికి ముందరి పది పేజీలు చదివి, వాళ్ళ మధ్య ప్రేమ కనిపించే చోట గీత గీయండి. ఒక్క గీత కూడా పడకపోతే ఆఖరి అధ్యాయాన్ని దిద్దుతూ కూర్చోకండి. రెండో మెట్టుకు వెళ్ళి పట్టీలో ఇంకో వరుస రాసి, అక్కడినుంచి మళ్ళీ రండి.